విజయనగరంలో ఏఏ మీటింగులు: కొన్నేళ్లుగా వెళ్తున్నవాడిగా నా మాట

తాగుడు మానాలనుకునేవాళ్లు, వాళ్ల ఇంట్లోవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే: "ఆ మీటింగుల్లో ఏం చేస్తారండీ?" విజయనగరంలో ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులకు కొన్నేళ్లుగా వెళ్తున్నాను. తాగుడు మానాలనుకునేవాళ్లు కలిసి కూర్చుని, ఒకరికొకరు తోడుండే బృందం అది. అందరూ ఏఏ అంటారు. అక్కడికి ఎవరొస్తారో, ఏం చెప్పుకున్నారో బయటపెట్టకూడదు కాబట్టి అది రాయను. మిగతాది రాస్తాను.

అన్నిటికన్నా ముందు డాక్టర్. ఏళ్ల తరబడి రోజూ బాగా తాగినవాళ్లు ఇంట్లో కూర్చుని ఒక్కసారిగా మానేయకూడదు. చేతులు వణకడం, చెమటలు, నిద్ర పట్టకపోవడంతో మొదలై, మొదటి రెండు రోజుల్లోనే ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకి కొందరికి మతి తప్పుతుంది, లేనివి కనిపిస్తాయి. గాలి సోకిందనుకుని తాయెత్తు కట్టించే ఇళ్లు మావైపు ఇంకా ఉన్నాయి. అది ప్రాణం మీదికొచ్చే స్థితి, ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. నేను కూడా ఆసుపత్రిలో చేరి, బీ1 విటమిన్ ఇంజెక్షన్లు, మిగతా మందులు అయ్యాకే మీటింగు మెట్లెక్కాను. ఏఏ వైద్యం చేయదు, చేస్తామని చెప్పుకోదు కూడా.

గ్రూపు దొరకడం అంత సులువు కాదు. పెద్ద బోర్డులుండవు, ప్రకటనలుండవు. ఇంటర్నెట్‌లో చూసిన చిరునామాకు వెళ్తే, అక్కడి మీటింగు ఎప్పుడో వేరే చోటికి మారిపోయిందన్నారు. ధైర్యం కూడగట్టుకుని వెళ్లిన మనిషికి తాళం కప్ప ఎదురైతే నేరుగా వైన్ షాపుకే వెళ్లిపోగలడు. అందుకే ముందు ఫోన్ చేసి, మీటింగు ఉందో లేదో కనుక్కుని వెళ్లండి. నాకు దారి చూపింది ఆసుపత్రి మానసిక విభాగంలోని కౌన్సెలర్. మత్తు మానాలనుకునేవాళ్లకు కేంద్ర ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446 ఉంది, డబ్బులు పడవు. మనసు బాగోలేనప్పుడు టెలీ మానస్ 14416కి చేసినా తెలుగులో మాట్లాడతారు.

మీటింగు గంట, గంటన్నర. కుర్చీలు, టీ, కొంచెం చదవడం, ఒక చిన్న ప్రార్థన. తర్వాత ఒక్కొక్కరూ పేరు చెప్పి, తమ సంగతి చెప్తారు. ఇంటిపేరు, ఊరు, కులం, ఉద్యోగం ఎవరూ అడగరు. మాట్లాడాలనిపించకపోతే ఊరికే కూర్చోవచ్చు. ఒకరు చెప్తుంటే రెండోవారు అడ్డు రారు, సలహా ఇవ్వరు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. ఇంట్లో, పెళ్లిళ్లలో, బస్టాండులో, ఎక్కడ చూసినా నాకు సలహాలే. "పిల్లల మొహం చూసైనా మానెయ్ రా" అనని బంధువు లేడు. పిల్లల మొహం చూసి కూడా తాగినవాళ్లు ఆ గదిలో ఉంటారు. అందుకే అక్కడ నిజం చెప్పగలిగాను.

జూట్ మిల్లులో పనిచేసి రిటైరైన పెద్దాయన నా స్పాన్సర్, అంటే నేను ఎప్పుడైనా ఫోన్ చేయగల మనిషి. "సాయంత్రం ఆరయ్యేసరికి ఒళ్లంతా లాగుతాది బాబూ. ఆ గంట దాటించుకో, రేపటి సంగతి రేపు చూద్దాం" అనేవారు. ఏఏ పుట్టుక కూడా ఇలాంటి ఫోన్ నుంచే. 1935లో అమెరికాలోని ఏక్రన్‌లో, తాగుడు మానిన ఒక స్టాక్ బ్రోకరు వ్యాపారం దెబ్బతిని మళ్లీ తాగేస్తానేమోనని భయపడి, తనలాంటి ఇంకో తాగుబోతు కోసం ఫోన్లు చేశాడు. అలా ఒక సర్జన్ దొరికాడు. ఇద్దరూ ఒకరినొకరు నిలబెట్టుకున్నారు.

డబ్బు సంగతి. ఫీజు లేదు. చివర్లో ఒక డబ్బా తిప్పుతారు, ఉన్నవాళ్లు టీకి, గది అద్దెకు తోచింది వేస్తారు. బయటివాళ్లు విరాళం ఇస్తామన్నా తీసుకోరు. ఏఏ పేరు చెప్పి ఎవరైనా వైద్యానికి వేలకు వేలు అడిగితే అది ఏఏ కాదు.

లోటుపాట్లు లేకపోలేదు. ఆడవాళ్లు దాదాపు రారు. వచ్చిన ఒకామె అందరూ మగాళ్లేనని మళ్లీ రాలేదు. నాకు చాలా బాధనిపించింది. అలాంటివారికి ఆన్‌లైన్ మీటింగులే కొంత నయం. పల్లెల నుంచి వచ్చేవాళ్లకు రాత్రి బస్సు పెద్ద టెన్షన్. తాగుడు మానడానికి ఏఏలో పాటించే పన్నెండు సూత్రాలను పన్నెండు మెట్లు అంటారు, వాటిలో దేవుడి మాట తరచుగా వస్తుంది. ఎవరి నమ్మకం వారిదేనంటారు గానీ, నాస్తికుడైన మా మిత్రుడికి చాలాకాలం ఇబ్బందిగానే ఉండేది.

పండగలప్పుడు గ్రూపు విలువ ఇంకా బాగా తెలుస్తుంది. దసరా తర్వాతి మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవమంటే ఊరంతా చుట్టాలే, ఇంటింటా మందే. ఆ రోజుల్లో మేం ఒకరికొకరం ఫోన్ చేసుకుంటూనే ఉంటాం.

ఇంట్లోవాళ్లకు ఒక మాట. మందు మాన్పించే మాత్రలని అన్నంలోనో కూరలోనో తెలియకుండా కలపకండి. డైసల్ఫిరామ్ లాంటి మాత్ర కడుపులో ఉండగా తాగితే వాంతులు, ఆయాసం, బీపీ పడిపోవడం, గుండెకే ప్రమాదం రావచ్చు. ఆ మనిషికి చెప్పి, డాక్టరు పర్యవేక్షణలోనే వాడాలి. దాని బదులు ఓపెన్ మీటింగు ఎప్పుడో కనుక్కుని మీరే వెళ్లండి. తాగేవాళ్లు కానివారినీ దానికి రానిస్తారు. మా ఆవిడ నాకన్నా ముందు అలాగే వెళ్లి, వెనక వరసలో కూర్చుని వచ్చింది. కుటుంబాల కోసం అల్-అనాన్ అని వేరే గ్రూపులూ ఉంటాయి. దగ్గర్లో ఉందేమో అక్కడే అడగండి. తాగే మనిషి రానంటున్నా మీరు వెళ్లొచ్చు.