చైతన్యపురి జిమ్‌లో మూడు రోజుల ట్రయల్

చైతన్యపురి మెట్రో స్టేషన్ దగ్గర ఒక జిమ్‌కి మూడు రోజులు ట్రయల్‌కి వెళ్లొచ్చాను. ఏడాదికి 14,000, మూడు నెలలకైతే 5,000 అన్నారు.

కోచ్ చాలా మంచి అబ్బాయి. మోకాలు నొప్పి అనగానే ట్రెడ్‌మిల్ ఎక్కించలేదు. కుర్చీ అంత ఎత్తున్న బెంచీ మీద కూర్చుని లేవమన్నాడు, పదిసార్లు. ఏడోసారికే తొడలు వణికాయి. "బరువు మడమల మీద వెయ్యండి అక్కా, మోకాళ్లు లోపలికి పోనీయకండి" అని పక్కనే నిలబడి చెప్పాడు. అలా చేశాక మోకాలి దగ్గర పట్టేయడం తగ్గింది. ఈ ఒక్కదానికే నేను డబ్బు కట్టడానికి సిద్ధం.

నచ్చనిది కౌంటర్ దగ్గర మాట. "ఆఫర్ ఈరోజే, ఏడాదికి కట్టేయండి" అని ఒకటే ఒత్తిడి. మానేస్తే డబ్బు వెనక్కి రాదట. పైగా సాయంత్రం ఏడింటికి కాలు పెట్టే చోటుండదు. ఉదయం ఆరింటికి మాత్రం హాయిగా ఉంది.

రాత్రి భోజనాలయ్యాక మా ఆయనతో కలిసి ఇంట్లో సినిమా చూడటం నాకు ప్రాణం. అది మానను. పెద్దవాళ్లకి వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే మన సినిమా ఒకటి నడిచేంత సేపు! వారం మొత్తంలో ఆ మాత్రం కుదరదా?

మూడు నెలలకే కట్టాను. నిన్న రాత్రి ఇంటర్వెల్ కార్డు పడగానే ఆపి, సోఫా మీంచి పదిసార్లు కూర్చుని లేచాను. మా ఆయన కూడా లేచారు.