స్టిక్కర్లే సగం కారు: లెగో 76917 స్కైలైన్ జీటీ-ఆర్

ముక్కలు ఒకదానికొకటి తగిలించి కట్టే లెగో బొమ్మల్లో సినిమా కార్ల సెట్లు అనగానే ముందు గుర్తొచ్చేవి పెద్ద పెట్టెలే. 2018 నాటి జేమ్స్ బాండ్ కారు ఆస్టన్ మార్టిన్ డీబీ5లో 1,295 ముక్కలు, 2022లో వచ్చిన ‘బ్యాక్ టు ది ఫ్యూచర్’ సినిమా కారు డెలోరియన్ టైమ్ మెషీన్‌లో 1,872. వాటికి డబ్బూ ఎక్కువే కావాలి, అల్మారాలో చోటూ ఎక్కువే కావాలి. స్పీడ్ ఛాంపియన్స్ వరుసలో 2023లో వచ్చిన 76917 అలాంటిది కాదు. మొత్తం 319 ముక్కలు, ఒక బొమ్మ మనిషి, అరచేతిలో ఇమిడే కారు. 2003 నాటి ‘2 ఫాస్ట్ 2 ఫ్యూరియస్’ సినిమాలో హీరో బ్రయన్ ఓకానర్ నడిపిన వెండి రంగు నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్ ఇది, అందులో ఆర్34 అనే మోడల్. తక్కువ ఖర్చులో సినిమా కారు కావాలనుకునేవారికి ముందు దీన్నే చెబుతాం. అయితే స్టిక్కర్లు అంటించే ఓపిక ఉండాలి.

ఈ సైజులో అన్ని కార్లూ బాగా రావు. డీబీ5 లాంటి గుండ్రని కారును మూడొందల ముక్కలతో కడితే వంపులు మెట్లుమెట్లుగా కనిపిస్తాయి. ఆర్34 పుట్టుకతోనే పలకల కారు. చదునైన బానెట్, నిటారు పక్కలు, నిలువుగా తెగినట్టుండే వెనక భాగం, పైన రెక్క. ఇటుకలకు ఇంతకంటే అనువైన ఆకారం దొరకదు. వెనక నాలుగు గుండ్రని ఎర్ర లైట్లు కనిపిస్తే చాలు, అది స్కైలైనే అని అభిమానులు గుర్తుపట్టేస్తారు.

కారు వెడల్పు ఎనిమిది బొడిపెలు (ముక్కల పైన ఉండే గుండ్రని గుబ్బలు). బొడిపెకు 8 మిల్లీమీటర్ల చొప్పున 6.4 సెంటీమీటర్లు. అసలు కారు వెడల్పు 1,785 మిల్లీమీటర్లు కాబట్టి నమూనా దాదాపు 28వ వంతు అన్నమాట. 2020కి ముందు ఈ వరుస కార్లు ఆరు బొడిపెల వెడల్పే ఉండేవి, ముందద్దం దగ్గర నొక్కేసినట్టు కనిపించేవి. ఇప్పుడు పెరిగిన ఆ రెండు బొడిపెలే చక్రాల పైభాగాన ఉబ్బును, పక్కల లోతును సాధ్యం చేశాయి. బొమ్మ మనిషి మాత్రం ఈ కొలతకు సరిపోడు. ఎత్తు 4 సెంటీమీటర్లే, ఒళ్లు మాత్రం వెడల్పు. పైకప్పు ఊడదీసి కూర్చోబెట్టాలి. స్టీరింగ్ జపాన్ కారుకు తగ్గట్టు కుడివైపే ఉంది, ఈ శ్రద్ధ మాకు బాగా నచ్చింది. తలుపులు తెరుచుకోవు, ముందు చక్రాలు పక్కలకు తిరగవు, సస్పెన్షన్ లేదు. చక్రాలు మాత్రం నేల మీద హాయిగా దొర్లుతాయి.

కట్టే పని కష్టం కాదు. పెట్టె మీద వయసు 9కి పైన అని ఉంది, అది సరైనదే. ముందు అడుగు భాగం, తర్వాత సీటు, ఆ పైన బొడిపెలు బయటి వైపుకు తిరిగేలా బ్రాకెట్లు (ఎల్ ఆకారపు ముక్కలు) పెట్టి పక్క పలకలు తగిలించడం, చివర పైకప్పు. తప్పు జరిగేది ఎక్కువగా ఒకచోటే: ఏటవాలు ముక్కల్లో కుడివీ ఎడమవీ వేరువేరుగా ఉంటాయి. వాటిని ముందే జతలుగా విడదీసి బల్ల మీద పెట్టుకోండి. బ్రాకెట్ ఒక బొడిపె ముందుకో వెనక్కో పడితే అప్పటికప్పుడు తెలియదు, సూచనల పుస్తకంలో పది మెట్ల తర్వాత పక్క పలక కూర్చోనప్పుడు బయటపడుతుంది. అప్పుడు సగం విప్పాల్సిందే. ప్రతి మెట్టులో బొడిపెలు లెక్కపెట్టుకుంటే ఈ బాధ ఉండదు.

ఇక స్టిక్కర్లు. అవి లేకపోతే ఇది ఒక బూడిద రంగు కారు, అంతే. సినిమా కారుగా నిలబెట్టేది ఆ నీలి చారలే. అవి ఒక ముక్క మీద మొదలై పక్క ముక్క మీదికి సాగుతాయి కాబట్టి ఒకటి అర మిల్లీమీటరు జారినా గీత విరిగినట్టు కనిపిస్తుంది. ముక్కను కారుకు తగిలించి ఆ తర్వాత అంటిస్తే చేయి ఆడదు, అంచు దొరకదు. ముందు విడిగా అంటించి, తర్వాత తగిలించండి. చేతులు సబ్బుతో కడిగి ఆరబెట్టుకోండి, నూనె తగిలితే అంచు లేస్తుంది. స్టిక్కర్‌ను వేళ్లతో కాకుండా ట్వీజర్‌తో మూల పట్టి తీయండి. ఒక చుక్క సబ్బునీరు ముక్క మీద రాస్తే కాసేపు అటూ ఇటూ జరపడానికి వీలవుతుంది. కుదిరాక మధ్య నుంచి అంచులకు గుడ్డతో నీరు నొక్కేసి, పూర్తిగా ఆరేదాకా కదపకండి. చారలు కలిసే పక్క ముక్కలను ఒకదాని పక్కన ఒకటి బొడిపెల మీద నిలబెట్టి, ఒకే వరుసలో అంటించడం మరీ మంచిది. ఎడమ పక్క, కుడి పక్క స్టిక్కర్లు అద్దంలో బొమ్మల్లా ఉంటాయి. స్టిక్కర్ అంకె చూడకుండా తప్పు పక్కన అంటించారో, తీసేటప్పుడు చిరుగుతుంది.

స్టిక్కర్ మీది బూడిద రంగూ ప్లాస్టిక్ బూడిద రంగూ అచ్చంగా కలవవు, దగ్గర్నుంచి చూస్తే తెలుస్తుంది. చారలు నేరుగా ముక్కల మీదే ముద్రించి ఉంటే ఈ సెట్‌కు సాటి ఉండేది కాదు. అప్పుడు ఖర్చూ పెరిగేది. అల్మారాలో రెండడుగుల దూరం నుంచి ఈ తేడా కంటికి ఆనదు. ఎండ పడే కిటికీ దగ్గర మాత్రం పెట్టకండి. లేత బూడిద రంగు ముక్కలు పసుపు తిరుగుతాయి, వేడికి స్టిక్కర్ అంచులు లేస్తాయి. దుమ్ముకు మెత్తని పెయింట్ బ్రష్ చాలు, తడిగుడ్డ వద్దు.

పాత సెట్ కొంటున్నవారు ముక్కల లెక్క కంటే ముందు స్టిక్కర్ కాగితం అడగండి. ముక్కలు ఒకటి రెండు పోయినా విడిగా దొరుకుతాయి. అంటించేసిన కారైతే రెండు పక్కల ఫొటోలూ దగ్గర్నుంచి తీయించుకుని, చారలు కలిసే చోట్లు చూసి అప్పుడు నిర్ణయించుకోండి.