దూరం సరే, గంటల లెక్కే గాలివాటం

రెండు ఊళ్ల పేర్లు కొడితే విమాన దూరం, ప్రయాణ సమయం చూపించే యాప్‌ ఒకటి కొన్నేళ్లుగా వాడుతున్నాను. ఎలా వాడాలో చెప్పేంత విషయమేమీ లేదు. నా గొడవంతా అందులోని ఒక్క అంకెతోనే: అది చెప్పే గంటలు.

నిరుడు మా అక్క హెల్సింకీ నుంచి టోక్యో వెళ్లింది. యాప్‌లో చూస్తే దాదాపు 7,800 కిలోమీటర్లు, తొమ్మిదిన్నర గంటలు. టికెట్‌ మీదేమో పదమూడు! మధ్యలో ఎక్కడైనా ఆగుతుందేమోనని మళ్లీ చూశాను. లేదు, నాన్‌స్టాపే. ఆ రోజు విమానాలను లైవ్‌లో చూపించే మ్యాప్‌ తెరిచి కూర్చున్నా. యాప్‌ గీసిన గీత రష్యా మీదుగా తూర్పుకి హాయిగా సాగిపోతోంది. అక్క ఎక్కిన విమానమేమో లేస్తూనే ముక్కు ఉత్తరానికి తిప్పింది. నార్వే దాటి, ధ్రువం దాకా పోయి, అలాస్కా పక్కనుంచి బేరింగ్‌ జలసంధి మీదుగా జపాన్‌ వైపు దిగింది. 2022 ఫిబ్రవరి చివర్లో రష్యా తన గగనతలాన్ని చాలా ఐరోపా దేశాల విమానాలకు మూసేసింది కదా, ఆ కబురు యాప్‌కి ఇంకా అందలేదు. అందినా ఏం చేస్తుంది లెండి! దూరాన్ని ఒక సగటు వేగంతో భాగించి, ఎక్కడానికీ దిగడానికీ ఓ అరగంట కలపడమే దాని పని.

అందుకే లండన్‌–న్యూయార్క్‌కి రానూ పోనూ ఒకటే సమయం చూపిస్తుంది. అట్లాంటిక్‌ మీద జెట్‌ స్ట్రీమ్‌, అంటే బాగా ఎత్తున జోరుగా వీచే గాలి, పడమటి నుంచి తూర్పుకి వీస్తుంది. న్యూయార్క్‌ వెళ్లేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనకనుంచి తోపు. మామూలు రోజుల్లోనే గంట దాకా తేడా వస్తుంది.

దూరం విషయంలో మాత్రం వంక పెట్టలేను. గుండ్రటి భూమి మీద అతి దగ్గరి దారినే కొలుస్తుంది. కాకపోతే విమానాలు ఎప్పుడూ ఆ దారినే పట్టుకుని పోవు. 2016లో ఎయిరిండియా ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్‌ వైపు నుంచి పసిఫిక్‌ వైపుకి మార్చింది. దూరం వెయ్యి కిలోమీటర్లకు పైగా పెరిగింది, గాలి కలిసొచ్చి సమయం తగ్గింది! ఇంకొకటి, నేను వాడేది ఎయిర్‌పోర్టు నుంచి కాకుండా నగరం నడిబొడ్డు నుంచి కొలుస్తుంది. నరీటా ఎయిర్‌పోర్టు టోక్యో మధ్యకి దాదాపు 60 కిలోమీటర్లు. ఏడువేల ఎనిమిది వందల్లో అరవై ఓ లెక్క కాదు గానీ, దిగాక ఆ అరవైకే గంట పడుతుంది.

యాప్‌ని తీసేయమంటారా అంటే ఏం చెప్పను? మా ఇంట్లోవాళ్లు ఖండాలు దాటి తిరుగుతారు కాబట్టి నాకు ఈ టెన్షన్‌. గంటా రెండు గంటల ప్రయాణాలు చేసేవాళ్లకి అంకె కాస్త దగ్గరగానే ఉంటుంది. నేనైతే దూరం కోసం ఫోన్‌లో ఉంచుకున్నాను. గంటలు కావాలంటే విమానం నంబరు కొట్టి, గత వారంలో అది నిజంగా ఎంతసేపు ఎగిరిందో చూసుకుంటున్నాను.