రూర్ బొగ్గు బాయిల్లో మా తిరుగుడు: ఏది చూడాలి, ఎక్కడ ఉండాలి

జర్మనీ వెళ్లే మనవాళ్లు ఎక్కువగా బెర్లిన్, మ్యూనిక్ తిరిగి, కొలోన్ చర్చి ముందు ఫొటో దిగి వచ్చేస్తారు. ఆ కొలోన్‌కి రైల్లో గంట దూరంలో రూర్ ప్రాంతం ఉంది. ఒకప్పుడు బొగ్గుకీ ఉక్కుకీ పెట్టింది పేరు. ఇప్పుడు అక్కడ బొగ్గు తీసే బాయి ఒక్కటీ మిగల్లేదు. చివరిది బోట్రాప్‌లోని ప్రాస్పర్-హానియెల్, 2018 డిసెంబర్ 21న మూసేశారు. అయితే మూతపడ్డ బాయిల్లో, ఉక్కు ఫ్యాక్టరీల్లో పెద్దపెద్దవి కొన్నింటిని కూలగొట్టకుండా మ్యూజియాలుగా, పార్కులుగా మార్చారు. జనం పిల్లల్ని వెంటబెట్టుకుని సెలవు రోజు గడపడానికి అక్కడికి వస్తున్నారు.

నేను ఇల్లెందులో పుట్టి పెరిగాను. సింగరేణి బొగ్గు తవ్వకం 1889లో మొదలైంది మా దగ్గరే. మా నాన్న ఇంక్లైన్‌లో, అంటే ఏటవాలుగా లోపలికి దిగే బాయిలో, తవ్విన బొగ్గుని టబ్బుల్లోకి ఎత్తే కోల్ ఫిల్లర్. మా అమ్మాయి డోర్ట్‌మండ్‌లో ఎంఎస్ చేస్తోంది. దాని దగ్గరికి వెళ్లినప్పుడు ఈ బాయిలన్నీ చూడాల్సిందేనని ముందే తేల్చి చెప్పాను. కాబట్టి ఇక్కడ రాసేది బాయి మనిషి కూతురి కళ్లతో చూసింది. ఒక పాత పని చోటు బాగుందో లేదో నేను తేల్చుకునేది ఒక్క సంగతి మీద: అక్కడ పనిచేసిన మనుషులు ఇంకా కనబడుతున్నారా, లేక గోడలు మాత్రమే మిగిలాయా?

ఆ లెక్కన మొదటి స్థానం ఎస్సెన్ ఊళ్లోని త్సోల్‌ఫెరైన్ బాయిది. ఎస్సెన్ స్టేషన్ కిందనుంచి 107 నంబర్ ట్రామ్ ఎక్కితే త్సోల్‌ఫెరైన్ పేరుతోనే స్టాప్ ఉంది. దిగగానే 55 మీటర్ల హెడ్‌గేర్, అంటే బాయి నోటి మీద నిలబెట్టిన ఇనుప గోపురం, కనిపిస్తుంది. 12వ నంబర్ షాఫ్ట్, అంటే నిట్టనిలువుగా కిందికి దిగే బాయి దారి, 1932లో మొదలైంది. ఫ్రిట్జ్ షుప్, మార్టిన్ క్రెమర్ అనే ఇద్దరు ఆర్కిటెక్టులు ఎర్ర ఇటుక, ఇనుప చట్రాలతో బాయి మొత్తాన్ని ఒకే తీరులో గీశారు. రోజుకి 12 వేల టన్నుల బొగ్గు ఈ ఒక్క షాఫ్ట్ నుంచే పైకి వచ్చేదట. 1986 డిసెంబర్‌లో మూసేశాక రాష్ట్ర ప్రభుత్వం ఈ స్థలాన్ని కొని నిలబెట్టింది. 2001లో యునెస్కో వారసత్వ జాబితాలోకి వెళ్లింది.

ఆవరణలో తిరగడానికి టికెట్ లేదు. రూర్ మ్యూజియానికీ, గైడెడ్ టూర్‌కీ విడివిడిగా ఉంది. రెంటిలో ఒకటే తీసుకోగలిగితే టూరే తీసుకోండి. గైడ్లలో కొందరు ఒకప్పుడు అక్కడే పనిచేసినవాళ్లు. మాకు దొరికిన పెద్దాయన అలాంటి మనిషే. బొగ్గు టబ్బులు షాఫ్ట్ నుంచి బయటపడి పట్టాల మీద తిరిగే హాల్లోకి తీసుకెళ్లి, ఒక ఇనుప కడ్డీతో టబ్బు మీద ఒక్క దెబ్బ కొట్టాడు. చెవులు గింగురుమన్నాయి. ఇలాంటివి నిమిషానికి ఎన్నో, షిఫ్టంతా ఇదే మోత, మాటలన్నీ చేతి సైగలతోనే అని చెప్పాడు. తర్వాత బొగ్గులోంచి రాళ్లు ఏరే బెల్టు దగ్గర ఆగాడు. అక్కడ నిలబడేది చిన్న కుర్రాళ్లు, లేదంటే లోపల దెబ్బ తగిలి ఇక దిగలేని ముసలివాళ్లు. బాయిలో చేరేటప్పుడూ అదే బెల్టు, చివరికీ అదే బెల్టు.

"తాతయ్య కూడా బాయిలో చేశాడని చెప్పనా అమ్మా?" అంది మా అమ్మాయి. చెప్పింది. ఆయన వెంటనే అడిగిన మొదటి ప్రశ్న, బొగ్గు ఎలా తవ్వేవారు అని. బోర్డ్ అండ్ పిల్లర్ అంటే ఏంటో దానికి ఏ భాషలోనూ చెప్పడం రాలేదు. నేనే టూర్ కాగితం వెనక పెన్నుతో గీశాను. అడ్డం నిలువు గీతలు దారులు, మధ్యలో మిగిలిన చదరాలు కప్పుని మోసే బొగ్గు స్తంభాలు. నాన్న పలక మీద నాకు గీసి చూపించిన బొమ్మే అది. గైడ్ అది చూసి తలూపి, పక్కనే తమ పద్ధతి లాంగ్‌వాల్ గీశాడు. ఒక్కటే పొడుగాటి గోడ, దాన్ని కోసుకుంటూ ముందుకు పోతుంటే వెనక కప్పు కూలిపోతూ ఉంటుంది. టూర్‌లో మిగతావాళ్లు కూడా చుట్టూ చేరి చూశారు. ఈ యాత్రలో నాకు అన్నిటికంటే నచ్చిన పది నిమిషాలు ఇవే.

మ్యూజియం బొగ్గు కడిగే పాత వాషరీలో ఉంది. బయటనుంచి నారింజ రంగు లైట్లు వెలిగే పొడవాటి ఎస్కలేటర్ 24 మీటర్ల ఎత్తుకి తీసుకెళ్తుంది. పైనుంచి మొదలుపెట్టి కిందికి చూసుకుంటూ రావాలి. వివరాలు ఇంగ్లీషులోనూ ఉన్నాయి. పాత యంత్రాల్ని తీసెయ్యకుండా వాటి మధ్యలోనే వస్తువులు పెట్టారు. కనీసం మూడు గంటలు ఉంచుకోండి. పైకప్పు మీదికి కూడా వెళ్లొచ్చు, ఊరంతా కనబడుతుంది.

కాస్త నడిస్తే, బొగ్గుని ఓవెన్లలో కాల్చి ఇనుప కొలుములకి కావాల్సిన కోక్‌గా మార్చే కోకింగ్ ప్లాంట్ వస్తుంది. 1961లో మొదలై 1993లో ఆగిపోయింది. వరసగా 304 కోక్ ఓవెన్లు, తుప్పు రంగులో, చూపు ఆనినంత దూరం. చలికాలంలో వాటి పక్కనున్న నీటి కాలువని గడ్డకట్టించి స్కేటింగ్ పెడతారు. వేసవిలో రెండు షిప్పింగ్ కంటైనర్లు అతికించి చేసిన చిన్న ఈత కొలను ఉంటుంది. మేం వెళ్లినప్పుడు చుట్టుపక్కల కాలనీల పిల్లలు అందులో దూకుతున్నారు. ఇది టూరిస్టుల కోసం చేసినట్టు లేదు, ఆ ఊరి పిల్లల కోసం చేసినట్టుంది. అదే నాకు బాగా నచ్చింది.

నచ్చనివీ ఉన్నాయి. ఇంగ్లీషు టూర్లు తక్కువ, కొన్ని రోజుల్లోనే ఉంటాయి, ముందుగా ఆన్‌లైన్‌లో చూసి బుక్ చేసుకోవాలి. ఆవరణ చాలా పెద్దది, నీడ తక్కువ, బెంచీలు అంతకంటే తక్కువ. నాలాగా మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మొత్తం ఒకే రోజు పెట్టుకోవద్దు. లోపలి రెస్టారెంట్ పాత కంప్రెసర్ హాల్లో ఉంది, చూడ్డానికి చాలా బాగుంటుంది, ధరలు మాత్రం మన జేబుకి బరువే. మేం ఇంటినుంచి తెచ్చుకున్న పులిహోర చెట్ల కింద కూర్చుని తిన్నాం.

ఇంకో మాట కూడా చెప్పాలి. బాయి నడిచిన రోజుల్లో ఇక్కడ వేలమంది పనిచేశారు. మ్యూజియం, డిజైన్ స్కూలు, కఫేలు ఎన్ని పెట్టినా అన్ని ఉద్యోగాలు రావు. పక్కనున్న గెల్సెన్‌కిర్షెన్ ఇప్పటికీ జర్మనీలో నిరుద్యోగం ఎక్కువున్న ఊళ్లలో ఒకటి. ట్రామ్‌లో చివరిదాకా వెళ్తే మూతపడ్డ షాపులు కనిపిస్తాయి. బాయి మూసినా ఖర్చు ఆగలేదు. తవ్విన నేల కుంగిపోయింది కాబట్టి లోపలి నీళ్లు ఎప్పటికీ పంపులతో తోడుతూనే ఉండాలి, లేకపోతే చాలా చోట్ల నీళ్లు నిలిచిపోతాయి. ఆ ఖర్చు భరించడానికే ఒక ఫౌండేషన్ పెట్టారు. టూరిజం వస్తే అన్నీ సర్దుకుంటాయని ఎవరైనా అంటే ఈ ట్రామ్ ఎక్కించాలి.

రెండో చోటు డ్యూస్‌బుర్గ్ ల్యాండ్‌షాఫ్ట్స్‌పార్క్. ఆగస్ట్ థీస్సెన్ 1901లో పెట్టిన ఇనుప కర్మాగారం, 1985లో ఆగింది. పీటర్ లాట్స్ అనే ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ దీన్ని పార్కుగా మార్చాడు, 1994లో జనానికి తెరిచారు. డ్యూస్‌బుర్గ్ స్టేషన్ నుంచి 903 ట్రామ్. పగలూ రాత్రీ ఎప్పుడైనా వెళ్లొచ్చు, టికెట్ లేదు, గేటు లేదు. ఇనుము కరిగించిన ఐదో నంబర్ కొలిమి (బ్లాస్ట్ ఫర్నేస్) మీదికి 70 మీటర్లు మెట్లెక్కి వెళ్లొచ్చు. మెట్లు ఇనుప జాలీవి, కింద నేల కనబడుతూ ఉంటుంది. ఎత్తంటే భయమున్నవాళ్లు మొదటి అంతస్తులోనే ఆగిపోవడం మంచిది. మా అమ్మాయి పైదాకా వెళ్లింది, నేను సగంలో కూర్చున్నాను.

ముడి ఖనిజం నిల్వచేసే బంకర్ల గోడల మీద ఇప్పుడు పర్వతారోహణ క్లబ్బువాళ్లు తాళ్లతో ఎక్కుతుంటారు. పాత గ్యాస్ ట్యాంకులో 2 కోట్ల లీటర్ల నీళ్లు నింపి డైవింగ్ నేర్పుతున్నారు, లోతు 13 మీటర్లు. విషం పట్టిన మట్టిని వేరే చోటికి తరలించకుండా కొంతభాగం అక్కడే బంకర్లలో పెట్టి మూసేశారు. దూర దేశాల ఖనిజంతో పాటు వచ్చిన గింజలు మొలిచి, ఈ నేలవి కాని మొక్కలు పట్టాల మధ్య పెరుగుతున్నాయి. వాటిని పీకకుండా వదిలేశారు. వారాంతపు రాత్రుల్లో కొలుములకి రంగు లైట్లు వేస్తారు, 1996 నుంచి ఈ ఏర్పాటు ఉంది. వీలైతే సాయంత్రం వెళ్లి చీకటి పడ్డాక కూడా కాసేపు ఉండండి.

ఆహ్లాదానికి ఇదే ఎక్కువ మార్కులు. కానీ నా కొలమానంలో త్సోల్‌ఫెరైన్ తర్వాతే. ఆ వేడిలో నిలబడి కరిగిన ఇనుము పోసినవాళ్ల గురించి, టూర్ తీసుకోకుండా తిరిగితే దాదాపు ఏమీ తెలియదు. బోర్డులు తక్కువ, ఉన్నవాటిలో చాలావరకు యంత్రాల గురించే.

ఓబర్‌హౌజెన్‌లో పాతది నిలబెట్టిందీ, పాతది తీసేసి కొత్తది కట్టిందీ ఒకే చోట చూడొచ్చు. 117 మీటర్ల ఎత్తున్న గ్యాసోమీటర్‌ని, అంటే గ్యాస్ నిల్వచేసిన పాత ట్యాంకుని, 1994 నుంచి ఎగ్జిబిషన్ హాలుగా వాడుతున్నారు. లోపల అడుగుపెడితే చీకటిగా, చల్లగా, మాట ప్రతిధ్వనిస్తూ ఉంటుంది. లిఫ్టులో పైకి వెళ్లొచ్చు. ఎగ్జిబిషన్లు మారుతుంటాయి, టికెట్ కొనేముందు ఏది నడుస్తోందో చూసుకోండి. దాని పక్కనే, పాత ఉక్కు ఫ్యాక్టరీ ఉన్న స్థలంలో 1996లో తెరిచిన సెంట్రో అనే పెద్ద షాపింగ్ మాల్ ఉంది. బట్టలు కొనుక్కోవడానికీ, తిండికీ, శుభ్రమైన బాత్రూములకీ పనికొస్తుంది. హైదరాబాద్‌లో మాల్స్ చూసినవాళ్లకి కొత్తగా కనిపించేది ఏమీ ఉండదు. అక్కడ ఒకప్పుడు ఏముండేదో మాల్‌లో తిరుగుతున్నంతసేపూ నాకు ఎక్కడా తగల్లేదు.

మాల్‌లో కూర్చున్నప్పుడు నాకు వరంగల్ ఆజంజాహి మిల్లు గుర్తొచ్చింది. నిజాం కాలంలో వేలమందికి తిండిపెట్టిన బట్టల మిల్లు. మూతపడ్డాక కట్టడాలు చాలావరకు పోయాయి, స్థలం ప్లాట్లయింది. అలాగని మనకి చేతకాక కాదు. హైదరాబాద్‌లో 1935 నాటి మొజంజాహి మార్కెట్‌ని శుభ్రంగా బాగుచేసి 2020లో మళ్లీ తెరిచారు, పాత ఐస్‌క్రీం షాపులు ఇంకా అక్కడే ఉన్నాయి. సింగరేణి గనులు చూపించడానికి ఆర్టీసీ 2022లో బస్సు టూర్ కూడా మొదలుపెట్టింది. ఇల్లెందులో రిటైరైన కోల్ ఫిల్లర్లు, టబ్బులు నెట్టిన ట్రామర్లు, పని చూసుకున్న సర్దార్లు ఇంకా ఉన్నారు. వాళ్లు ఉన్నప్పుడే ఒక పాత ఇంక్లైన్ ముఖద్వారం దగ్గర వాళ్లచేతే కథ చెప్పించాలి. పదిహేనేళ్లు ఆగితే గైడుగా నిలబడేవాళ్లు ఎవరు మిగులుతారు?

ఇక ఉండే చోటు. ఎస్సెన్ స్టేషన్ దగ్గర ఉంటే అన్ని చోట్లకీ రైళ్లు, ట్రాములు దొరుకుతాయి. మేం మొదట దిగిన హోటల్ బుకింగ్ ఫొటోల్లో బాగానే ఉంది, తీరా చూస్తే గది రోడ్డు వైపు, ఏసీ లేదు, వేసవి వేడికి కిటికీ తెరిస్తే తెల్లారేదాకా వాహనాల మోత. గది మార్చమంటే ఖాళీ లేదన్నారు. జర్మనీలో చాలా హోటళ్లకి ఏసీ ఉండదు, జూలై, ఆగస్టుల్లో వెళ్లేవాళ్లు బుక్ చేసేముందే అడిగి తేల్చుకోవాలి. ఆ తర్వాత డ్యూస్‌బుర్గ్ పార్కులోనే, కర్మాగారం పాత ఆఫీసు భవనంలో ఉన్న యూత్ హాస్టల్‌కి మారాం. పేరుకి యూత్ హాస్టలే, కుటుంబాలు కూడా ఉంటాయి. బంకు మంచాలు, దుప్పట్లు మనమే వేసుకోవాలి, వెళ్లేటప్పుడు మనమే తీసివ్వాలి. గదులు మామూలువే, శుభ్రం మాత్రం చాలా బాగుంది. ఉదయం బ్రెడ్డు, జున్ను, పళ్లు, ఉడికించిన గుడ్లతో టిఫిన్, గది అద్దెలోనే కలిపి ఇచ్చారు. రాత్రి లైట్లు చూసి నడుచుకుంటూ గదికి వచ్చెయ్యడం అన్నిటికంటే సుఖం. నేనైతే మళ్లీ ఇక్కడే దిగుతాను.

ప్రయాణానికి నెల టికెట్ డాయిష్‌లాండ్‌టికెట్ తీసుకోండి. మాకు 58 యూరోలు పడింది, 2026 జనవరి నుంచి 63. ట్రాములు, బస్సులు, లోకల్, రీజినల్ రైళ్లన్నీ దీని మీదే, ఐసీఈ లాంటి స్పీడ్ రైళ్లకి చెల్లదు. ఇది సబ్‌స్క్రిప్షన్. నెల 10వ తేదీలోపు రద్దు చెయ్యకపోతే వచ్చే నెల డబ్బులు కూడా కట్ అవుతాయి. రైళ్లు రద్దవ్వడం, ఆలస్యమవ్వడం మామూలే. ఒక ఆదివారం మేం ఎక్కాల్సిన రైలు పట్టాల పని వల్ల పోయి, బదులు బస్సులో వెళ్లేసరికి బుక్ చేసుకున్న టూర్ తప్పిపోయింది. అందుకే టూర్ ఉన్న రోజు గంట ముందే బయల్దేరండి. స్టేషన్ బాత్రూములకి చిల్లర నాణేలు దగ్గరుంచుకోవాలి.

పిల్లలతో వెళ్లేవాళ్లు బోఖుమ్‌లోని జర్మన్ మైనింగ్ మ్యూజియాన్ని వదలొద్దు. దాని కింద మనుషులకి చూపించడానికే తవ్విన నమూనా బాయి ఉంది. లోపలికి దిగి సొరంగాల్లో నడవొచ్చు, నిజమైన యంత్రాలు పెట్టారు. సోమవారం సెలవు. బోట్రాప్‌లో బొగ్గు మట్టి గుట్ట మీద కట్టిన టెట్రాహెడ్రాన్ అనే ఇనుప పిరమిడ్ కూడా ఉంది. మాకు వాన పడింది, కిందనుంచే చూసి వచ్చేశాం. సమయం తక్కువుంటే దాన్నీ, సెంట్రోనీ వదిలెయ్యండి. ఒక రోజు త్సోల్‌ఫెరైన్‌కి, ఒక సాయంత్రం డ్యూస్‌బుర్గ్‌కి, పిల్లలుంటే ఒక పూట బోఖుమ్‌కి చాలు. గట్టి అడుగున్న బూట్లు వేసుకోండి, ఇనుప జాలీ మెట్ల మీద చెప్పులతో నడవడం కష్టం.