ఆస్తమాకు స్టెరాయిడ్: పీల్చేదా, మింగేదా?

మృగశిర కార్తెకు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో చేప ప్రసాదం కోసం జనం బారులు తీరినప్పుడల్లా ఇళ్లలో ఇదే చర్చ. "ఆ పంపు (ఇన్‌హేలర్) అలవాటైపోద్ది, మాత్రేసుకుంటే పోలా?" అంటారు పెద్దవాళ్లు. రెండిట్లో ఉన్నదీ స్టెరాయిడే. కిడ్నీల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు తయారుచేసే కార్టిసాల్ అనే హార్మోన్ కోవకే చెందినవి.

మోతాదు: పంపులో వాడే స్టెరాయిడ్ బుడెసొనైడ్ ఒక పీల్పుకు 100 లేదా 200 మైక్రోగ్రాములు. మింగే స్టెరాయిడ్ ప్రెడ్నిసొలోన్ చిన్న మాత్ర 5 మిల్లీగ్రాములు, అంటే 5,000 మైక్రోగ్రాములు. మందులు వేరు, లెక్క సూటిగా కుదరదు. అయినా తేడా చూడండి.

ఖర్చు: మాత్రలే చవక.

శ్రమ: మాత్ర మింగితే అయిపోయింది. పంపు పీల్చడం నేర్చుకోవాలి, పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేయాలి. లేదంటే నాలుక మీద తెల్లపూత.

రిస్క్: అసలు సంగతి ఇక్కడుంది. పంపు మందు ఎక్కువగా ఊపిరితిత్తుల్లోనే పనిచేస్తుంది. మాత్ర ఒళ్లంతా తిరుగుతుంది: షుగర్, బీపీ పెరుగుతాయి, మొహం ఉబ్బుతుంది, నెలల తరబడి వాడితే ఎముకలు గుల్లబారతాయి. పైగా బయటి సరఫరా చూసి మెదడు అడుగునుండే పిట్యుటరీ గ్రంథి, అడ్రినల్‌ను పనిచేయించే ఏసీటీహెచ్ హార్మోన్‌ను తగ్గించేస్తుంది, అడ్రినల్ పడకేస్తుంది. వారాల తరబడి వాడి ఠక్కున ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునేవాళ్లకు ఈ మాట ఎవరూ చెప్పరు! పంపునూ పెద్ద డోసులో ఏళ్లతరబడి వాడితే కొంత ప్రభావం ఉంటుంది, కానీ మాత్రలంత కాదు.

రోజువారీ అదుపుకు పంపే. షుగరున్నవాళ్లకు మరీనూ. ఆయాసంతో మాట పూర్తిగా రాకపోతే ఆస్పత్రికే పరుగెత్తాలి. అక్కడ డాక్టరు రాసే కొద్దిరోజుల మాత్రలకు భయపడక్కర్లేదు.