డాబా మీద పండ్ల చెట్లకి సగం కోసిన నీలం డ్రమ్ము ఎలా ఉందంటే

మా విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో ఏ డాబా చూసినా మొక్కలు పెంచే ఆకుపచ్చ ప్లాస్టిక్ సంచులే, అదే గ్రో బ్యాగులే. తోటకూరకీ, వంగకీ, బెండకీ అవి చాలు, వంక పెట్టను. జామ, సపోటా, మామిడి లాంటివి వేయాలంటే మాత్రం నా ఓటు పాత నీలం డ్రమ్ముకే. 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్మును అడ్డంగా రెండు ముక్కలు కోయిస్తే రెండు కుండీలు. మా డాబా మీద ఇప్పుడు అలాంటివి ఎనిమిది ఉన్నాయి.

గాజువాక ఆటోనగర్ వైపు ఒక పాత సామాన్ల కొట్లో కొన్నాం. డ్రమ్ము వెయ్యి, కోసినందుకు వంద, అంటే ఒక్కో కుండీ 550 పడింది. ఇంచుమించు అంత మట్టి పట్టే మందపాటి బ్యాగు మూడు వందలకే వస్తుంది కాబట్టి ఇది చవక బేరమేమీ కాదు. ఆటో ట్రాలీ కిరాయి అదనం. కొట్టు కుర్రాడు మాత్రం మంచివాడు. "ఏటమ్మా, నీళ్లకా మొక్కలకా? మొక్కలకైతే ఇటున్నవి చూడండి. అటున్నవి యాసిడ్‌వి, మీకొద్దు" అని అడక్కముందే చెప్పాడు. అన్ని చోట్లా అలా చెప్పరు. బిరడా తీసి వాసన చూడండి. తియ్యటి సిరప్‌లు వచ్చిన డ్రమ్ములైతే కడుక్కుంటే సరిపోతుంది. ఘాటు వాసన కొడుతున్నా, లేబుల్ పీకేసి ఉన్నా ఎంత తగ్గించి ఇచ్చినా వద్దు. మనం తినే కాయ కాయాల్సిన చెట్టు అది.

పెద్ద మూత తెరుచుకునే రకం కాకుండా, పైన రెండు చిన్న బిరడాలుండే రకం అడగండి. కోశాక పై సగాన్ని తిరగేస్తే ఆ బిరడాల కన్నాలే నీళ్లు పోయే దారులవుతాయి. లోపల దోమతెర ముక్క వేసి, పైన పెంకు ముక్కలు పరిస్తే చాలు. కింది సగానికి డ్రిల్లుతో కన్నాలు పెట్టించాలి. అడుగునే కాకుండా పక్కన అంగుళం ఎత్తులో కూడా నాలుగు పెట్టించండి, అడుగువి మట్టితో పూడుకుపోయినా ఇవి పనిచేస్తాయి. కోసిన అంచు చెయ్యి గీరుకుపోయేంత పదును. మా వారు పాత నీళ్ల పైపుని నిలువునా చీల్చి అంచుకి తొడిగారు. చూడ్డానికి కూడా బాగుంది.

బరువు సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. సగం డ్రమ్ములో వంద లీటర్లు పడుతుంది. ఉత్త ఎర్రమట్టి నింపి నీళ్లు పోస్తే వంద కిలోలు దాటిపోతుంది. జనం తిరిగే డాబా శ్లాబుకి చదరపు మీటరుకి 150 కిలోల లెక్కన డిజైన్ చేస్తారు. అందుకని మధ్యలో గుంపుగా పెట్టకుండా పిట్టగోడ వెంబడి, కింద దూలాలూ గోడలూ ఉన్నచోట దూరదూరంగా పెట్టాం. మట్టి ఒక వంతు, కొబ్బరి పొట్టు ఒక వంతు, బాగా మాగిన గత్తం (పశువుల ఎరువు) ఒక వంతు, పైన రెండు గుప్పెళ్ల వేప పిండి. కొబ్బరి పొట్టు ఇటుకల్లో ఉప్పు ఉంటుంది, రెండు మూడు సార్లు నానబెట్టి, ఆ నీళ్లు పిండేసి వాడండి. డ్రమ్ము కింద మూడు ఇటుకలు పెట్టకపోతే శ్లాబు ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది.

ఇక గాలి. సముద్రం మాకు కిలోమీటరు దూరం కూడా ఉండదు. బ్యాగులో ఐదడుగుల జామ చెట్టు ఉంటే అక్టోబర్, నవంబర్ గాలులకి పడిపోయేది, నిలబెడితే మళ్లీ పడేది. రెండో వేసవికి బ్యాగు పిడులు చేతిలోకి ఊడొచ్చాయి, కుట్లు ఎండకి పొడిపొడి అయిపోయాయి. డ్రమ్ములోకి మార్చాక ఆ టెన్షన్ లేదు. 2014 అక్టోబర్ 12 నాటి హుద్‌హుద్ తుఫాను లాంటిది వస్తే ఆగుతుందా అంటే, ఆ రోజు ఊళ్లో మహావృక్షాలే వేళ్లతో సహా లేచిపోయాయి, డ్రమ్ముని ఏమడుగుతాం!

దీనికి పెద్ద లోపం వేడి. ఏప్రిల్, మే నెలల్లో పడమటి ఎండ తగిలే వైపు ప్లాస్టిక్ కాలిపోతుంది, ఆ వైపు వేళ్లు ఉడికిపోతాయి. సున్నం పూస్తే నిలవదు, పెచ్చులూడిపోతుంది. గోనె సంచి చుట్టి, పొద్దున్న నీళ్లు పోసేటప్పుడు దాన్నీ తడపడమే మార్గం. బ్యాగు గోడలోంచి వేళ్లకి కాస్త గాలైనా ఆడుతుంది, ఆ విషయంలో దానికే మార్కులు.

డ్రమ్ము ఎంత మంచిదైనా సముద్రపు ఉప్పుగాలికి మొక్క తట్టుకోవాలి కదా. మా దగ్గర అన్నిటికంటే దిట్టంగా ఉన్నది సపోటా. ఉప్పుకీ గాలికీ చలించదు, కాకపోతే నింపాదిగా పెరుగుతుంది. తైవాన్ పింక్ జామ ఏడాది తిరక్కుండానే కాసింది. కొత్త చిగురు మీదే పూత వస్తుంది కాబట్టి కోత అవగానే కొమ్మల కొసలు కత్తిరిస్తాను. నిమ్మకి ఆకు అంచులు మాడుతుంటాయి, పెద్దగాలి వీచిన మర్నాడు ఆకులన్నీ మంచినీళ్లతో కడగాలి. దానిమ్మ చెట్టుగా బాగానే ఉంది కానీ మన తేమకి కాయల మీద మచ్చలు, పైగా పగుళ్లు. అనంతపురం ఎండలో పండినంత కాయ ఇక్కడ ఆశించొద్దు. మామిడిలో మా అత్తయ్యకి సువర్ణరేఖే కావాలి. అది పెద్ద చెట్టయ్యే రకం, వంద లీటర్లలో ఇమడదని నచ్చజెప్పి ఆమ్రపాలి అంటు తెచ్చాం. దశేరినీ నీలాన్నీ కలిపి ఢిల్లీ పరిశోధన సంస్థలో తీసిన పొట్టి రకం అది. కడియం నర్సరీల నుంచి వచ్చిన మొక్క. అంటు కట్టిన ముడి మట్టి పైకి ఉండేలా నాటాలి, ముడి కింద నుంచి వచ్చే చిగుళ్లని ఎప్పటికప్పుడు గిల్లేయాలి. చెట్టు ముందు బలపడాలని మొదటి పూత తుంచేస్తుంటే అత్తయ్య రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

మట్టి మార్చేటప్పుడు మాత్రం బ్యాగే సుఖం, కోసి పారేస్తే సరి. డ్రమ్ములోంచి చెట్టుని ఊడదీయాలంటే ఇద్దరు మగాళ్లు కావాలి. అందుకని నేను చెట్టుని కదపను. రెండేళ్లకోసారి, వానలు మొదలయ్యాక, అంచు వెంబడి నాలుగు వేళ్ల వెడల్పున గునపంతో తవ్వి, చుట్టుకుపోయిన వేళ్లు కోసేసి, ఆ ఖాళీలో కొత్త మట్టీ గత్తమూ నింపుతాను. అదే వారంలో కొమ్మలు కూడా తగ్గిస్తే చెట్టు వాడకుండా తేరుకుంటుంది.