ఇంట్లో గ్లూకోమీటర్, ఏళ్ళు వాడాక నా రివ్యూ

నాన్నగారి కోసం కొన్నది. ఏళ్ళుగా వాడుతున్నాం, మధ్యలో ఒకసారి మీటర్ మార్చాం కూడా. కంపెనీ పేరు చెప్పట్లేదు, ఎందుకంటే వేలు పొడిచి స్ట్రిప్ మీద చుక్క పెట్టే మీటర్లన్నిటికీ ఇదే కథ. షుగర్ ఉందా లేదా తేల్చుకుందామని అయితే కొనకండి, ఉన్న షుగర్ ఎలా నడుస్తోందో చూసుకోడానికైతే కళ్ళు మూసుకుని కొనండి.

ఈ తేడా మా చుట్టాలకి చెప్పీ చెప్పీ నోరు నొప్పెడుతోంది. పొద్దున పరగడుపున నాన్నకి 128 వస్తే చాలు, బాబాయ్ ఫోన్లో "126 దాటిందిగా, కంట్రోల్లో లేదు, డోసు పెంచమను" అంటాడు. బాబాయ్ చెప్పే 126 జబ్బు ఉందో లేదో తేల్చడానికి పెట్టిన గీత, అదీ ల్యాబ్‌లో నరం నుంచి తీసిన రక్తానికి. 1997 దాకా ఆ గీత 140 దగ్గర ఉండేది, అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ వాళ్ళు అప్పుడు కిందకి దించారు. ఆల్రెడీ మందులు వాడుతున్నవాళ్ళ టార్గెట్ వేరే, మామూలుగా పరగడుపున 80 నుంచి 130, తిన్నాక 180 లోపు, మూడు నెలల యావరేజ్ చెప్పే హెచ్‌బీఏ1సీ 7 లోపు. అంటే నాన్న 128 శుభ్రంగా లోపలే ఉంది. అయినా బాబాయ్ వినడు, అది వేరే విషయం.

దీనికి ఉల్టా కేసు పక్కింటి ఆంటీది. "నాదీ ఓసారి చూడు బాబూ" అని పరగడుపున వచ్చారు, 131 చూపించింది, అంతే, ఆ పూటే అన్నం మానేసి కాకరకాయ రసం మొదలెట్టేశారు. బతిమాలి ల్యాబ్‌కి పంపితే 118, హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చాయి. షుగర్ కాదు, ప్రీడయాబెటిస్, అంటే షుగర్‌కి ముందు దశ. అలాగని మీటర్ పాడైందని కాదు, 100 పైన రీడింగ్ ల్యాబ్ కంటే 15 శాతం అటూ ఇటూ ఉన్నా ఈ మీటర్ల ప్రమాణాల ప్రకారం ఓకేనే. ఒంట్లో లక్షణాలేమీ లేనప్పుడు ల్యాబ్ రిపోర్టే అయినా రెండు రిజల్ట్స్ హద్దు దాటితే గానీ డాక్టర్లు ఖాయం చెయ్యరు, ఇక ఇంట్లో ఒక్క చుక్కతో ఏం తేలుతుంది చెప్పండి.

మరి దేనికి పనికొస్తుందంటే, తిండి సంగతి తెలుసుకోడానికి. తినకముందు ఒకటి, మొదటి ముద్ద నోట్లో పెట్టిన దగ్గర్నించి రెండు గంటలకి ఇంకోటి చూస్తే ఏ టిఫిన్ ఎంత ఎక్కిస్తోందో తెలిసిపోతుంది. నాన్నకి నాలుగు ఇడ్లీలకి 210 దాకా పోతుంది, రెండు పెసరట్లకి 160 దగ్గర ఆగుతుంది. అమ్మ మెనూ మార్చింది ఈ నంబర్లు చూసే, నేను చెప్తే వినలేదు.

ఇంకోటి, అర్ధరాత్రి. షుగర్ తగ్గించే గ్లిమిపిరైడ్ మాత్ర వేసుకుని సరిగ్గా తినకుండా పడుకున్న రోజు నాన్నకి చెమటలు, చేతులు వణుకు, చూస్తే 62. 70 కంటే తగ్గితే ఆగకూడదు కాబట్టి మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించాం, పావుగంటకి మళ్ళీ చూస్తే 88. ఆ టైములో ఏ ల్యాబ్ తెరిచి ఉంటుంది? తర్వాత డాక్టర్ గారు ఆ మాత్ర తగ్గించి, ఈ వయసులో హెచ్‌బీఏ1సీ 7.5 ఉన్నా పర్లేదు, షుగర్ ఇలా పడిపోకుండా ఉంటే చాలన్నారు.

విసుగు పుట్టించేవీ ఉన్నాయి. మీటర్ చవకే, డబ్బంతా స్ట్రిప్పులకే పోతుంది. డబ్బా తెరిచాక ఎన్నాళ్ళు పనిచేస్తాయో దానిమీదే రాసుంటుంది, ఎక్స్‌పైరీ డేట్ చూసి ఆ లోపు అవగొట్టేటన్నే కొనండి, మూత గట్టిగా పెట్టండి, తేమ తగిలితే రీడింగ్ నమ్మలేం. చేతులు కడుక్కుని పూర్తిగా ఆరాకే పొడవాలి, బంగినపల్లి కోసిన చేత్తో చూస్తే నాన్నకి 268 వచ్చింది, సబ్బుతో కడిగి తుడుచుకుని చూస్తే 171. వేలి కొస మీద కాకుండా పక్కన పొడిస్తే నొప్పి తక్కువ. రక్తహీనత ఉన్నవాళ్ళకి మీటరూ, హెచ్‌బీఏ1సీ రెండూ తేడా చూపించొచ్చు, డాక్టర్‌కి ముందే చెప్పండి.

ఫోన్‌కి కనెక్ట్ అయ్యే మోడల్‌కి ఎక్స్‌ట్రా డబ్బులు పెట్టక్కర్లేదు అనిపించింది నాకైతే, నాన్న ఇప్పటికీ పాత డైరీలోనే రాస్తారు, డాక్టర్ గారు చూసేదీ దాన్నే. అయిదుకి నాలుగు స్టార్లు, ఆ ఒకటి కోసింది స్ట్రిప్పుల రేటుకి.